మా హెరాల్డ్‌నీ, దాని ట్రంకు పెట్టెనీ కాపాడినవాళ్లకి

మొన్న ఆయుధ పూజ రోజు పొద్దున మా తాతయ్య పాత కారు హెరాల్డ్ ఎవరూ తొయ్యకుండా షెడ్డులోంచి బయటికొచ్చింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాం. మూడు నలిగాయి, నాలుగోది ఎటో దొర్లిపోయింది. ఆ వీడియో చూసి ఎంతోమంది అభినందించారు. అందరికీ థాంక్స్. కానీ వీడియోలో కనిపించని వాళ్లు కొందరున్నారు. వాళ్లకి చెప్పాల్సిన కృతజ్ఞతలు పదమూడు నెలలుగా బాకీ పడి ఉన్నాయి. ఇంజిన్ తిరిగాకే రాద్దామని ఆగాను.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. తెల్లవారేసరికి బుడమేరు వాగు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌లో మా ఇంట్లోకి వచ్చేశాయి. అమ్మా నేనూ పై వాటాలోకి ఎక్కేశాం. కింద షెడ్డులో హెరాల్డ్, పక్క గదిలో బల్ల మీద దాని ట్రంకు పెట్టె. మధ్యాహ్నానికి కారు స్టీరింగ్ దాకా మునిగింది. పెట్టె పూర్తిగా మునిగిపోయింది.

ఆ పెట్టెలో ఏముందో చెప్పకపోతే ఈ పోస్టుకి అర్థం లేదు. మా తాతయ్య తెనాలిలో ఎల్.ఎం.పి. (అప్పటి డాక్టరీ డిప్లొమా) చదివిన డాక్టరు. 1965లో కొన్నారు ఈ కారు, రెండు తలుపుల హెరాల్డ్. అప్పట్లో మన దేశంలో కొనగలిగే కార్లంటే అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్, అంతే. ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌నే మద్రాసు స్టాండర్డ్ మోటార్స్ వాళ్లు 1961 నుంచి ఇక్కడ తయారు చేశారు. గీసింది ఇటలీ ఆయన మికెలోట్టి. 948 సీసీ ఇంజిన్. 25 అడుగుల వెడల్పుంటే చాలు, గుండ్రంగా తిరిగిపోతుంది. తెనాలి సందుల్లో రివర్స్ గేరు వెయ్యాల్సిన పని ఉండేది కాదని తాతయ్య గొప్పగా చెప్పేవారు. బానెట్ ఎత్తితే మడ్‌గార్డులతో సహా మూతి మొత్తం ముందుకి వాలిపోతుంది. చిన్నప్పుడు మేం దాన్ని మొసలి నోరు అనేవాళ్లం.

తాతయ్యకి కాగితం పారేసే అలవాటు లేదు. డీలరు ఇచ్చిన బిల్లు కార్బన్ కాపీ, సి బుక్కు (రిజిస్ట్రేషన్ పుస్తకం), హ్యాండ్‌బుక్కు, ఆర్టు పేపరు మీద రంగుల్లో వేసిన బ్రోచరు, అద్దానికి అతికించే గుండ్రటి ట్యాక్స్ టోకెన్లు ఏ ఏటివి ఆ ఏడు దారం కట్టి. కారు బుక్ చేసేటప్పుడు డిపాజిట్ పోస్టాఫీసు ఖాతాలో వేసి, ఆ ఖాతాని డీలరు పేర తనఖా పెట్టాల్సి వచ్చేది. ఆ పాస్‌బుక్కు కూడా ఉంది. కారు రేడియోకీ లైసెన్సు ఉండేదని ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు. పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి స్టాంపులు అంటించుకున్న ఆ పుస్తకమూ ఉంది. అన్నిటికంటే ముఖ్యం ఆయన పెట్రోలు డైరీలు, పదకొండు. ఏ రోజు ఎన్ని లీటర్లు, ఎన్ని మైళ్లు, ఎక్కడ పంక్చరు. "కొలకలూరు, కాన్పు కేసు, రాత్రి 2. తిరిగి వస్తూ అత్తోట దగ్గర ఎడమ వెనక టైరు." ఇలా.

పాత కారుని ఎన్నిసార్లయినా బాగు చేయించుకోవచ్చు. డబ్బుంటే కొత్త రేకు, కొత్త రబ్బరు, కొత్త రంగు దొరుకుతాయి. ఆ రాత్రి రెండింటికి ఈ కారు కొలకలూరు వెళ్లిందని చెప్పేది మాత్రం ఆ డైరీ ఒక్కటే. అది పోతే నా దగ్గర మిగిలేది అందరి దగ్గరా ఉండే ఒక పాత బండి.

అందుకే మొదటి దండం మా పై వాటాలో అద్దెకుండే కుర్రాడికి. డిగ్రీ చదువుతున్నాడు. నేను వద్దు వద్దంటున్నా ఆదివారం మధ్యాహ్నం ఛాతీ లోతు బురదనీళ్లలోకి దిగి ఆ పెట్టెని భుజాన వేసుకుని మెట్లెక్కాడు. మూత తీస్తే సగం పెట్టె నీళ్లే. ఏడుపొచ్చింది. టవల్ తెచ్చి తుడవబోయాను.

అప్పుడే ఫోన్లో ఆపినావిడకి రెండో దండం. పాత రికార్డులకి మరమ్మతులు చేసే ఉద్యోగంలో రిటైరయ్యారు, హైదరాబాద్‌లో ఉంటారు. మా స్కూల్లో సహోద్యోగికి పిన్నిగారు. నా ఫోన్లో పద్దెనిమిది శాతం చార్జింగ్ ఉంది, కరెంటు లేదు. ఆవిడ నాలుగే ముక్కలు చెప్పారు. తడి మీద బురద తుడవకు, కాగితంలోకి ఇంకిపోతుంది. అంటుకున్న పేజీలు విడదీయకు. ఎండలో పెట్టకు. 48 గంటల్లోపు గడ్డ కట్టించు, లేకపోతే బూజు మొదలవుతుంది.

గడ్డ కట్టించడం! చుట్టూ సముద్రం, తాగడానికి నీళ్లు లేవు, డ్రోన్లతో అన్నం పొట్లాలు వేస్తున్నారు, నేను కాగితాలకి ఐసు వెతుకుతున్నాను. ఈ గొడవలో దీనికి కాగితాల పిచ్చేమిటని అమ్మ కూడా కోప్పడింది. అమ్మ కోపం న్యాయమే. మా వీధిలో సర్వం పోగొట్టుకున్నవాళ్లున్నారు. వాళ్ల ముందు ఈ బాధ చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

సోమవారం మధ్యాహ్నం బోటు వచ్చింది. మనుషుల్నే ఎక్కిస్తాం, సామాన్లు కుదరవన్నారు, సరైన మాటే. వెనక వీధిలో పండ్ల వ్యాపారి తన రెండు నీలం ప్లాస్టిక్ ట్రేలు ఇచ్చి, పెట్టె వదిలెయ్, వీటిలో సర్దు, ఒళ్లో పెట్టుకో అన్నాడు. కట్టలు కట్టలుగా పాల ప్యాకెట్ల కవర్లలో చుట్టి సర్దాం. బోటు నడిపే అబ్బాయిలు ఒకసారి నావైపు చూసి, ఏమిటండీ ఇవి అన్నారు. మా తాతయ్య అన్నాను. ఇంకేం అడగలేదు.

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెట్టిద్దామన్నాడు అన్నయ్య. ఫోన్లో సలహా ఇచ్చిన మేడమ్‌ని అడిగితే కాదన్నారు. అక్కడ చల్లబడతాయే కానీ గడ్డ కట్టవు, డీప్ ఫ్రీజరు కావాలి. చివరికి బెంజ్ సర్కిల్ దగ్గర ఐస్‌క్రీమ్ షాపాయన ఒప్పుకున్నారు. అంతకుముందు ముక్కూ మొహం తెలియని మనిషి. బటర్‌స్కాచ్ డబ్బాలు తీసి పక్క ఫ్రీజర్లో కుక్కి, మాకు ఒక ఫ్రీజరంతా ఇచ్చేశారు. దాని మీద "డాక్టరు గారి కాగితాలు, ముట్టుకోవద్దు" అని రాసి అంటించారు. నలభై రోజులు. అద్దె ఇవ్వబోతే, వేసవిలో ఐతే ఇచ్చేవాణ్ణి కాదులెండి, ఇప్పుడు ఎవరు తింటారు ఐస్‌క్రీమ్ అన్నారు. సార్, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో నాకు ఇప్పటికీ తెలీదు.

ఇల్లు కడిగి, కరెంటు వచ్చి, గోడల చెమ్మ ఆరాక మేడమ్ స్వయంగా బస్సెక్కి వచ్చారు. ఆరు రోజులు మా ఇంట్లో ఉన్నారు. ఒక్కో కట్ట బయటికి తీయడం, కరిగేదాకా ఆగడం, పేజీ కింద దోమతెర ముక్క పెట్టి దాంతో సహా ఎత్తడం, అద్దుడు కాగితం మధ్య పెట్టడం, గంటకోసారి మార్చడం. ఫ్యాను ఒకటో నంబరు మీద, గాలి నేరుగా తగలకుండా. చిరిగినచోట పల్చటి జపాన్ కాగితం, గోధుమ పిండి గంజి. పురుగు పట్టకుండా బైండింగువాళ్లు మైలుతుత్తం కలుపుతారు కదా అన్నాను. ఒక చూపు చూశారు. పురుగు పోతుంది, పదేళ్లకి కాగితమూ పోతుంది అన్నారు.

ఏవి బతికాయో ఏవి పోయాయో చూస్తే ఆశ్చర్యం. పెన్సిల్‌తో రాసిన ప్రతి అక్షరమూ బతికింది. కార్బన్ కాపీ బిల్లు నిన్న రాసినట్టుంది. బాల్‌పెన్ను చాలా మటుకు నిలిచింది. తాతయ్య ముచ్చటపడి ఫౌంటెన్ పెన్నుతో, నీలి సిరాతో రాసుకున్న మూడు డైరీలు మాత్రం ఆకాశం రంగు మరకలయ్యాయి. అక్కడక్కడా "తెనాలి" అని, "లీ." అని కనబడుతుంది. బ్రోచరు ఆర్టు పేపరు కదా, అట్టముక్కలా అంటుకుపోయింది. గడ్డ కట్టించడం ఆలస్యమైంది, ఇక విడదీయలేమన్నారు. మేనత్త పెళ్లిలో అరటి పిలకలు, మామిడాకులు కట్టిన హెరాల్డ్ ఫొటో మాత్రం చల్లటి మంచినీళ్లలో మెల్లగా ఊడి వచ్చింది.

సి బుక్కు సంగతి వేరే. భద్రంగా ఉంటుందని పదిహేనేళ్ల క్రితం దాని మొదటి పేజీల్ని లామినేషన్ చేయించింది ఎవరో కాదు, నేనే. అన్నిటికంటే ఎక్కువ పాడైంది అదే. అంచుల్లోంచి నీళ్లు లోపలికి వెళ్లాయి కానీ బయటికి రాలేదు, ప్లాస్టిక్ లోపలే బూజు పట్టింది. వేడితో అంటించిన ప్లాస్టిక్‌ని కాగితం చిరక్కుండా తీయడం దాదాపు అసాధ్యం. పాత కాగితాలు ఉన్నవాళ్లకి నా మనవి ఒక్కటే, దయచేసి లామినేషన్ వద్దు, సెల్లోటేపు వద్దు.

కారు విషయానికొస్తే ఆటోనగర్ పెద్ద మేస్త్రి గారి గురించి. డెబ్బై దాటాయి. కుర్రతనంలో హెరాల్డుల మీదే పని నేర్చుకున్నారట. ఆయన నాతో ఫోన్లో అన్న మొదటి మాట "కీ తిప్పొద్దమ్మా". వచ్చి ప్లగ్గులు పీకి, సిలిండర్లలో నూనె పోసి, చేత్తోనే కొంచెం కొంచెంగా ఇంజిన్ తిప్పారు. గేర్‌బాక్స్ నుంచీ క్రౌన్ (వెనక ఇరుసు గేర్లు) నుంచీ దించిన ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంది. ఛాసిస్ కింద రెండు చోట్ల తుప్పు తిన్నది కోసి కొత్త రేకు వేశారు. వైరింగ్ మొత్తం మార్చారు. రంగు కొత్తగా వేయించేద్దామంటే మాత్రం ససేమిరా అన్నారు. డ్రైవరు తలుపు మీద తాతయ్య మందుల పెట్టె తగిలి తగిలి అరిగిన చోటు ఒకటుంది. ఇది కప్పేస్తే మీ కారని ఎలా గుర్తుపడతారమ్మా అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

నానిపోయిన హ్యాండ్‌బుక్కులో వైరింగ్ బొమ్మ ఉన్న పేజీలు పోయాయని తెలిసి కోయంబత్తూరు నుంచి ఒక హెరాల్డ్ యజమాని తన దగ్గరున్న రెండింటిలో ఒకటి పోస్టులో పంపేశారు. కోవెంట్రీలో ఉద్యోగం చేసే మా ఊరి అబ్బాయి కొన్ని రబ్బరు సామాన్లు వెతికి పంపాడు. ట్రయంఫ్ పుట్టింటి నుంచి సారె వచ్చినట్టయింది. కోయంబత్తూరు హ్యాండ్‌బుక్కుని మేస్త్రి గారు వాడుకున్నారు, నేను విడిగా దాచాను. అందులో ఒక చీటీ పెట్టి పెన్సిల్‌తో రాశాను: "ఇది ఈ కారుతో వచ్చినది కాదు. 2025లో స్నేహితుడు ఇచ్చినది." ఇదీ మేడమ్ నేర్పిందే. దొరికిందల్లా కలిపేసి అన్నీ ఈ కారువే అని చెప్పుకోవడం నాకు నచ్చదు. మా అసలు హ్యాండ్‌బుక్కు ఉబ్బిపోయి, మరకలతో, దాని డబ్బాలో అది ఉంది.

ఇక రిజిస్ట్రేషన్. ఒక ఆఫీసులో, పేరెందుకులెండి, మీ బండి కంప్యూటర్లో లేదు, కాటాకి వేసేయండి అన్నారు. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఈ చిక్కు విడదీసింది హైదరాబాద్‌లో పాత కార్లు ఉన్న ఒక పెద్దాయన. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల కాపీ పంపి, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా ఉన్న బండి ఆ కోవలోకి వస్తుందని చెప్పారు. కొత్తగా నమోదయ్యే వాటికి నంబరులో "వీఏ" అని వస్తుంది, ముందే నమోదైన వాటికి పాత నంబరే ఉంటుంది. రోజూ రోడ్డెక్కడానికి కుదరదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ, పెట్రోలుకీ రిపేరుకీ తీసుకెళ్లొచ్చు. మాకు అది చాలు. దరఖాస్తుకి పాత సి బుక్కు కావాలి. బూజు పట్టిన మా సి బుక్కులో చదవగలిగేది సగమే. మిగతా సగానికి ఆధారం ఏమిటనుకున్నారు? ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు స్పష్టంగా ఉన్న ఆ కార్బన్ కాపీ బిల్లు. దాన్ని చూసి రెండు రోజులు పాత రిజిస్టర్లు తిరగేసి ఎంట్రీ పట్టుకున్న గుమస్తాగారూ, మీరు టీ కూడా తాగనన్నారు. ఈ పోస్టు మీ కంట పడితే ఒకసారి ఇంటికి రండి, టీ అయినా తాగి వెళ్లండి.

ఐస్‌క్రీమ్ షాపు సార్‌ని పండగ రోజు ముందు సీట్లో కూర్చోబెట్టి బెంజ్ సర్కిల్ దాకా పెట్రోలు కొట్టించడానికి తీసుకెళ్లాం. మేడమ్‌కి సంక్రాంతికి టికెట్ తీశాను. పై వాటా కుర్రాడు ఇప్పుడు డిగ్రీ కంటే ఎక్కువ శ్రద్ధగా మేస్త్రి గారి దగ్గర పని నేర్చుకుంటున్నాడు, వాళ్ల నాన్నగారు నన్ను తిట్టుకోకుంటే చాలు.

పండ్ల వ్యాపారి అన్నయ్యా, వరద తర్వాత మీరు వీధి ఖాళీ చేసి ఎటు వెళ్లారో ఎవరూ చెప్పలేకపోతున్నారు. మీ రెండు నీలం ట్రేలు కడిగి షెడ్డులో పెట్టాను. వచ్చి పట్టుకెళ్లండి, లేదా ఎక్కడున్నారో ఒక్క ముక్క చెప్పండి, హెరాల్డ్ డిక్కీలో వేసుకుని నేనే తెచ్చిస్తాను.