నాన్నా, నేనిప్పుడు డ్రైవర్‌ని

మెల్‌బోర్న్,
18 మే 2025.

నాన్నకు, అమ్మకు నమస్కారాలు.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం, మళ్ళీ ఈ ఉత్తరం ఏంటా అనుకుంటావు. ఫోన్లో అయితే నేను సగం చెప్పేలోపే నువ్వు కంగారుపడతావు, నువ్వు కంగారుపడగానే నేను మాట మార్చేస్తాను. పద్నాలుగు నెలలుగా ఇదే జరుగుతోంది. పోయిన ఆదివారం నువ్వు బుజ్జిగాడిని పక్కన కూర్చోబెట్టుకుని, "మీ మామయ్యను చూడరా, సాఫ్ట్‌వేర్ పట్టుకుని ఎక్కడిదాకా వెళ్ళాడో" అన్నావు. వాడు తల దించుకున్నాడు. ఇవతల నేనూ దించుకున్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ముందు నువ్వు మొత్తం చదివి, తర్వాత అమ్మకు వినిపించు.

పోయినేడు మార్చిలో నా ఉద్యోగం పోయింది.

నేను చేసేది టెస్టింగ్ అని నీకు తెలుసు. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాం సరిగ్గా పనిచేస్తోందా, ఎక్కడైనా తప్పు దొర్లిందా అని చూడటం. పదిహేనేళ్ళు అదే పని. ఆ పనిలో చాలా భాగం మిషన్లే చేసుకునే రోజులు వస్తున్నాయని తెలిసి కూడా, కొత్తవి నేర్చుకుందాంలే అని వాయిదా వేస్తూ వచ్చాను. ఒక గురువారం పొద్దున్న మీటింగ్‌కు పిలిచి ఇరవై నిమిషాల్లో విషయం చెప్పేశారు. రావాల్సిన డబ్బు లెక్క ప్రకారం ఇచ్చారు, నాకు వాళ్ళ మీద కోపం లేదు. ఆ తర్వాత పెట్టిన అప్లికేషన్లకు లెక్కలేదు. నాలుగైదు ఇంటర్వ్యూలు ఆఖరి రౌండ్ దాకా వెళ్ళి ఆగిపోయాయి. నీ కోడలు చైల్డ్‌కేర్‌లో వారానికి ఇంకో రోజు అడిగి వేయించుకుంది. నేను రాత్రిళ్ళు ఫుడ్ డెలివరీ చేశాను. ఇంటి లోను ఒక్క నెల కూడా ఆపలేదు, ఆ విషయంలో టెన్షన్ పడకు.

డబ్బు సంగతి ఎలాగోలా సర్దుకున్నాం. పిల్లలు బడికి వెళ్ళాక పొద్దున్న తొమ్మిదింటికి ఇంట్లో ఒక్కణ్ణే మిగలడం మాత్రం నావల్ల కాలేదు. ఏ వయసులోనూ అంత ఖాళీగా లేను. నువ్వు ఫోన్ చేసే టైముకు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చునేవాణ్ణి. నీతో ఆడిన అబద్ధాల్లో అది అన్నిటికంటే సిగ్గుపడేది, అందుకే చెప్పేస్తున్నాను.

ఆగస్టులో ఒక రోజు ఇంటర్వ్యూకు సిటీలోకి వెళ్ళి తిరిగి వస్తున్నాను. 86వ నంబర్ ట్రామ్, అంటే రోడ్డు మీదే పట్టాలపై నడిచే కరెంటు బండి. ప్రెస్టన్ దగ్గర డ్రైవర్ మారింది. దిగిన ఆవిడకు యాభై దాటి ఉంటాయి, భుజాన బ్యాగు, చేతిలో నీళ్ళ సీసా. డ్యూటీ దిగాక నీ మొహంలో ఒక తేలిక కనిపించేది చూడు, అచ్చం అదే ఆవిడ మొహంలో చూశాను. నేనూ దిగి, ఈ పని ఎలా ఉంటుందని అడిగాను. ఇరవై ఏళ్ళు బ్యాంకులో చేసి ఇందులోకి వచ్చిందట. "కారు లైసెన్స్ ఉందా? కళ్ళు బాగా కనిపిస్తాయా? అయితే పెట్టు అప్లికేషన్" అంది. ఆ రాత్రే పెట్టాను.

పరీక్షలు చాలానే పెట్టారు. కంటిచూపు, రంగులు గుర్తుపట్టడం, గుండె, వినికిడి, మత్తు పదార్థాల పరీక్ష, కంగారులో బుర్ర ఎలా పనిచేస్తుందో చూసేవి కొన్ని. అన్నీ పాసయ్యాక నవంబర్‌లో ట్రైనింగ్ మొదలైంది. జనవరి నుంచి సొంతంగా నడుపుతున్నాను.

అవును నాన్నా, డ్రైవర్‌నే. నువ్వు 32 ఏళ్ళు ఆర్టీసీ బస్సు నడుపుతూ ఖాకీ వేసుకుని, నా కొడుకు మాత్రం ఇది వేసుకోకూడదని రెండెకరాలు అమ్మి ఎంసీఏ చదివించావు. ఆ మాట గుర్తొచ్చే ఇన్నాళ్ళూ చెప్పలేకపోయాను. ఇప్పుడు మాత్రం గర్వంగానే రాస్తున్నాను. నీకు కష్టంగా ఉంటే ఇక్కడ ఆపి, కాసేపయ్యాక మళ్ళీ చదువు.

బండి సంగతి చెప్తాను, నీకు ఆసక్తిగా ఉంటుంది. నేను ఎక్కువగా నడిపే రకం 33 మీటర్ల పొడవు. అంటే మన పల్లెవెలుగు బస్సులు మూడు వరసగా నిలబెట్టినంత. 210 మంది పడతారు. స్టీరింగ్ ఉండదు. వేగం, బ్రేకు రెండూ చేతి లివర్‌తోనే. డ్రైవర్‌కు స్పృహ తప్పితే బండి తనంతట తనే ఆగే ఏర్పాటు ఉంది. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద నడుస్తుంది కాబట్టి బస్సులా ఠక్కున ఆగదు. ట్రామ్ బరువు 30 ఖడ్గమృగాల బరువంత అని జనానికి అర్థమయ్యేలా ఇక్కడ బొమ్మలు వేసి ప్రచారం చేశారు. మా లైన్ బుందూరా నుంచి డాక్‌లాండ్స్ దాకా, దాదాపు 22 కిలోమీటర్లు. మధ్యలో బర్క్ స్ట్రీట్ మాల్ అని ఒక చోట కార్లే ఉండవు, జనం, ట్రామ్‌లు అంతే. చెవుల్లో పాటలు పెట్టుకుని పట్టాల మీదే నడుస్తుంటారు. శివరాత్రికి కోటప్పకొండ స్పెషల్స్ వేసినప్పుడు నువ్వు ఆ జనంలోంచి ఒక్కరికీ తగలకుండా బండి తీసేవాడివి కదా, అక్కడికి వచ్చినప్పుడల్లా అదే గుర్తొస్తుంది. ఆ వీధిలో 1940 దాకా రోడ్డు కింద తిరిగే ఇనుప తాడు పట్టుకుని ట్రామ్‌లు నడిచేవట. అవి తీసేసి డబుల్ డెక్కర్ బస్సులు వేశారు. మళ్ళీ 1955లో బస్సులు తీసి కరెంటు ట్రామ్‌లు తెచ్చారు. బస్సు ఓడిపోయిందని నువ్వు ఒప్పుకోవనుకో.

ఇక్కడ ఒక సంగతి వివరంగా చెప్పాలి. ట్రైనింగ్‌లో మూడో వారం, వాన పడుతోంది. ప్లెంటీ రోడ్డు మీద ఒక స్టాపు దగ్గర బ్రేకు వేశాను. చక్రాలు జారాయి. జారకుండా బండి చల్లే ఇసుక పట్టా మీద పడి పట్టు దొరికేలోపు బండి స్టాపు దాటి ఒక తలుపంత ముందుకు పోయింది. ఒక పెద్దావిడ చేతికర్రతో ఆ తడిలో నాలుగడుగులు నడిచి వచ్చి ఎక్కింది. ఏమీ అనలేదు. ట్రైనర్ కూడా తిట్టలేదు. "బ్రేకు ఎక్కడ మొదలుపెట్టావు?" అని మాత్రం అడిగాడు. నేను చెప్పలేకపోయాను. నిజంగానే ఎక్కడ మొదలుపెట్టానో నాకు తెలియదు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక వినుకొండ రోడ్డు గుర్తొచ్చింది. వేసవి సెలవుల్లో నన్ను ఇంజన్ పక్కన కూర్చోబెట్టి తీసుకెళ్ళేవాడివి. నాకు పదేళ్ళు ఉంటాయి. "అదిగో, ఆ చింతచెట్టు చూడు. అక్కడ కాలు తీసేస్తే స్టేజీ కాడికి బండి దానంతటదే వస్తుంది. డీజిలూ మిగులుద్ది, జనమూ ముందుకు పడరు" అనేవాడివి. నీ కేఎంపీఎల్, అదే లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లన్న లెక్క, ఎప్పుడూ డిపోలో ముందు ఎందుకుండేదో అప్పుడు తెలియలేదు.

మర్నాడు సెలవు. నోట్‌బుక్ పట్టుకుని లైను పక్కన నడిచాను. ఒక్కో స్టాపుకు ముందు నా చింతచెట్టు ఎక్కడుందో వెతికాను. ఒక చోట బేకరీ బోర్డు, ఒక చోట పచ్చరంగు కరెంటు స్తంభం, ఒక చోట చర్చి గోడ మలుపు. ప్రతి స్టాపుకూ రెండు గుర్తులు రాసుకున్నాను, పొడి రోజుకు ఒకటి, తడి రోజుకు దానికంటే ముందు ఇంకొకటి. ఇది పదిహేనేళ్ళ టెస్టింగ్ అలవాటే. ఏది ఎప్పుడు తప్పొచ్చో ముందే రాసిపెట్టుకోవడం. ఆ చదువు, ఆ ఉద్యోగం ఊరికే పోలేదు నాన్నా, ఈ నోట్‌బుక్‌లోకి వచ్చాయి. మొన్న కొత్తగా చేరిన ఇద్దరు కుర్రాళ్ళు దాన్ని ఫోటోలు తీసుకున్నారు. అనుభవం వచ్చాక ట్రైనర్ పోస్టుకు అప్లై చేద్దామని ఉంది.

కష్టాలు లేవని చెప్పను. జీతం పాతదానికంటే తక్కువ. ఒక్కోసారి మూడున్నరకే లేవాలి. శుక్ర, శని రాత్రులు మా లైన్ తెల్లవార్లూ నడుస్తుంది, ఆ డ్యూటీ పడితే పిల్లల్ని సరిగ్గా చూడలేను. నీ నైట్ అవుట్ డ్యూటీలు, అమ్మ కిటికీ దగ్గర కూర్చోవడం అప్పుడు అర్థమవుతాయి. మొదటి రెండు నెలలు మన తెలుగువాళ్ళు ఎవరైనా ఎక్కితే మొహం పక్కకు తిప్పుకునేవాణ్ణి. ఉగాదికి అసోసియేషన్ ఫంక్షన్‌లో ఏం చేస్తున్నావని అడిగితే "ట్రామ్ నడుపుతున్నాను" అని మొదటిసారి గట్టిగా చెప్పాను. చెప్పాక హాయిగా అనిపించింది. ఆ రోజే నీకూ చెప్పేయాల్సింది.

ఇక బుజ్జిగాడు. గుంటూరులో ఎలక్ట్రిక్ బైకుల సర్వీస్ సెంటర్‌లో పని ఉందంటే, సాఫ్ట్‌వేర్ వచ్చేదాకా ఆగమని నువ్వే ఆపావట. వాడికి చిన్నప్పటి నుంచి మోటార్లంటే ప్రాణం. పాత ఫ్యాన్ విప్పి మళ్ళీ బిగించింది నీ అరుగు మీదే కదా. వెళ్ళనివ్వు నాన్నా. మంగళవారం నాకు ఆఫ్, వాడికి నేనే ఫోన్ చేసి నా సంగతంతా చెప్తాను. కానీ ఆ మాట ముందు నీ నోటి నుంచి వస్తే వాడికి ధైర్యంగా ఉంటుంది.

యూనిఫాంలో దిగిన ఫోటో ఒకటి లోపల పెట్టాను. పెద్దాడు తీశాడు, కొంచెం కదిలింది. అక్టోబర్‌లో మీ ఇద్దరికీ టికెట్లు బుక్ చేస్తాను. క్యాబిన్ వెనక మొదటి సీట్లో కూర్చుని మొదటి స్టాపు నుంచి చివరిదాకా రావాలి నువ్వు. నా బ్రేకు ఎలా ఉందో చెప్పాలి.

ఇక్కడ ఇప్పుడు ఆకురాలే కాలం. తడి ఆకులు పట్టాలకు అంటుకుని వానకంటే ఎక్కువగా జారుతున్నాయి. వానాకాలంలో వినుకొండ రోడ్డు మీద నువ్వు చింతచెట్టుకు ఎంత ముందు కాలు తీసేవాడివి? జవాబు రాయి.

నీ పెద్దోడు