వెలుగుతో వేసే అతుకు

అమ్ములూ,

నీ ఫిల్మ్ వంకర్లు తిరిగిపోయిన ఫొటో చూశాను. టెన్షన్ పడకు. తీగలు అతుక్కుని నిరోధం తగ్గుతుందని, వెండి నానో తీగలు (వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నవి) పరిచిన పారదర్శక ప్లాస్టిక్‌ని ఓవెన్‌లో పెడితే జరిగేదే అది. నీళ్ల సీసాలు చేసే పెట్ (PET) ప్లాస్టిక్ 80 డిగ్రీల దరిదాపుల్లోనే మెత్తబడుతుంది. వెండి కరగాలంటే 962 డిగ్రీలు కావాలి. ఈ రెంటికీ ఎక్కడ పొత్తు కుదురుతుంది?

పోనీ ప్లాస్టిక్ తట్టుకుందే అనుకో, సన్న తీగలు తట్టుకోవు. కరిగే వేడికి చాలా ముందే ముక్కలై, పూసల్లా గుండ్రబడిపోతాయి. అప్పుడు నిరోధం తగ్గడం మాట అటుంచి, కరెంటుకి దారే ఉండదు.

అసలు చిక్కు తీగలో లేదు. లోహాల్లో వెండిని మించిన వాహకం లేదు. తీగ మీద తీగ పడ్డ చోటే పేచీ. తీగలు పొడుగ్గా పెరగాలని, ముద్దకట్టకూడదని తయారీలో పివిపి అనే పాలిమర్ కలుపుతారు కదా, అది ప్రతి తీగకీ పలుచని తొడుగులా మిగిలిపోతుంది. చూడ్డానికి తీగలు తాకుతున్నట్టే ఉంటాయి. కరెంటుకి మాత్రం ప్రతి కూడలిలోనూ ఒక గడప అడ్డం.

అందుకే ఓవెన్ మానేసి వెలుతురు పట్టి చూడు. వెలుతురు పడగానే వెండిలోని ఎలక్ట్రాన్లు జట్టుగా అటూ ఇటూ ఊగుతాయి. మీరు ప్లాస్మాన్ అంటారే, అదే. రెండు తీగల మధ్య ఉన్న కొద్ది నానోమీటర్ల సందులో విద్యుత్ క్షేత్రం విపరీతంగా పోగుపడుతుంది. వేడి ముఖ్యంగా అక్కడే పుడుతుంది, కింద ఉన్న ప్లాస్టిక్‌కి పెద్దగా తెలియను కూడా తెలియదు. వెండి పరమాణువులు కదిలి ఆ సందుని పూడ్చేస్తాయి. సందు పూడిందా, క్షేత్రం పోగుపడడానికి చోటే ఉండదు, వేడి దానంతటదే తగ్గిపోతుంది. అతుక్కున్న కూడలి ఊరుకుంటుంది, అతుక్కోనిది వేడెక్కుతూనే ఉంటుంది. ఒక్కో కూడలినీ ఎవరూ కాపలా కాయనక్కర్లేదు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

2012లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు దీన్ని మామూలు టంగ్‌స్టన్ హాలోజన్ దీపంతో చేసి చూపించారు. లేజరే ఉండాలని పట్టుబట్టకు. పైగా చాలా లేజర్ల కాంతికి ధ్రువణం ఉంటుంది, అంటే దాని విద్యుత్ క్షేత్రం ఒకే దిక్కులో ఊగుతుంది, నీ తీగలేమో నానా దిక్కులా పడి ఉంటాయి. ఏ దిక్కు తీగ ఎంత స్పందిస్తుందో మళ్లీ అదో లెక్క. దీపం అయితే ఆ గొడవ లేదు. అలాగని తీవ్రత ఇష్టమొచ్చినట్టు పెంచేయకు, దానంతటదే ఆగే గుణానికీ ఒక హద్దుంది. మరీ ఎక్కువైతే వెలుతురైనా తీగల్ని పూసలు చేస్తుంది.

వెలుతురు పట్టక ముందూ, పట్టాకా ఒకే చోట కొలిచి చూడు. షీట్ రెసిస్టెన్స్ (పలుచని పొర కరెంటుకి చూపే నిరోధం) ఒక్కటీ చాలదు, పారదర్శకత కూడా రాసుకో. వెలుతురు దాటడం అంతే ఉండి నిరోధం మాత్రం పడిపోతే, మార్పు కూడళ్లలోనే వచ్చిందని నమ్మొచ్చు. తర్వాత సన్నని కడ్డీ చుట్టూ వంచుతూ మళ్లీ మళ్లీ చూడు. టచ్ తెరల్లో పారదర్శక వాహకంగా వాడే ఇండియం టిన్ ఆక్సైడ్ పెళుసు, కాస్త సాగదీస్తే పగులుతుంది. మీ తీగలు దాన్ని గెలవాల్సింది అక్కడే.

ఇంకోటి, వెండికి గాలిలోని గంధకం పడదు, నల్లబడుతుంది. ఇంత సన్న తీగకి ఆ పైపై మార్పే ఎక్కువ. మంచి ఫలితం వచ్చిన ఫిల్మ్‌ని బల్ల మీద వదిలేయకుండా, పైన పలుచని రక్షణ పూత వేసి దాచు.

నాన్న