‘అప్పా’ అని పిలిచిన ఆ అబ్బాయికి

నిన్న సాయంత్రం ఇంటికి వచ్చాం. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది, ఫోన్లు ఎత్తలేకపోతున్నాను. అందుకే అందరికీ ఒకేసారి ఇక్కడ రాస్తున్నాను. మధ్యమధ్యలో కళ్ళు మూతలు పడుతున్నాయి, తప్పులుంటే సర్దుకోండి.

తెలియని వాళ్ళకి విషయం చెప్తాను. నాకు బొడ్డు దగ్గర హెర్నియా ఆరేళ్ళుగా ఉంది. పడుకుని నొక్కితే లోపలికి వెళ్ళిపోయేది. పోయిన వారం వెళ్ళడం మానేసింది, నొప్పి మొదలైంది. ఆపరేషన్ తప్పదన్నారు. నా బరువు 126 కిలోలు, ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. దాచడానికేముంది, కనపడుతూనే ఉంది కదా. నా గురకకి మా వీధి కుక్కలు కూడా అలవాటు పడిపోయాయి. పైగా ఎప్పుడో స్కూటీ మీద నుంచి పడి దవడ విరిగినప్పటి నుంచి నోరు రెండు వేళ్ళకు మించి తెరుచుకోదు.

మొదట వెళ్ళిన ఆసుపత్రి పేరు రాయను. అక్కడి తూకం మిషన్ నన్ను తూచలేకపోయింది, ఇద్దరు నవ్వుకున్నారు. బీపీ పట్టీ చేతికి చాల్లేదు. అలాగే బిగించి చూసి, వచ్చిన అంకెకి వాళ్ళే కంగారు పడ్డారు. చిన్న పట్టీతో చూస్తే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందని నాకు తర్వాత తెలిసింది. మూడు గంటలు కుర్చీలో కూర్చోబెట్టి, "ఇంత బరువుకి మత్తు ఇవ్వలేం, విశాఖ తీసుకెళ్ళిపోండి" అన్నారు. చేతకాదనడం తప్పు కాదు. కానీ ఆ మాట మా ఆయనతో అన్నారు, పక్కనే ఉన్న నన్ను ఒక బస్తాలా వదిలేసి.

రెండో ఆసుపత్రి కూడా మన విజయనగరంలోదే. అక్కడి మత్తు డాక్టరమ్మ మాత్రం నాతోనే మాట్లాడారు. లావుగా ఉన్నవాళ్ళకి ముందే నిద్రమత్తు ఇచ్చేస్తే, ఊపిరి ఆగిన కాసేపటికే ఆక్సిజన్ పడిపోతుందట. నాకేమో మెడ పొట్టి, నోరు తెరుచుకోదు. అప్పుడు ఊపిరి అందించే ట్యూబ్ గొంతులోంచి వేయడం కుదరకపోతే ప్రాణం మీదకి వస్తుంది. అందుకని గొంతుకి మాత్రమే తిమ్మిరెక్కించి, నేను మెలకువగా నా ఊపిరి నేనే తీసుకుంటుండగా, ముక్కులోంచి కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో దారి చూసుకుంటూ ట్యూబ్ వేస్తామన్నారు. ట్యూబ్ చేరాకే నిద్ర. ‘మెలకువగా’ అన్న మాట దగ్గరే నా కాళ్ళు చల్లబడిపోయాయి.

ఆపరేషన్ థియేటర్‌లో టెక్నీషియన్ ఒక కుర్రాడు. పలాస వైపు యాస. పేరు రాయొద్దన్నాడు. వచ్చీ రాగానే "అప్పా, నీకు పడుకుంటే ఆయాసం వస్తాది కదా, నానున్నాను, కూచోబెట్టే పని కానిచ్చేస్తాం" అన్నాడు. వారం రోజులుగా కేసునీ, బరువునీ అయిపోయిన నేను ఒక్కసారిగా ఎవరికో అక్కనైపోయాను. ఏడుపు అక్కడే వచ్చేసింది.

వార్డులోంచి దుప్పట్లు తెచ్చి, మడతలు పెట్టి, నా వీపు కింద వాలు కట్టాడు. చెవి, ఛాతీ ఎముక పైనున్న గుంట ఒకే ఎత్తుకి వచ్చేదాకా సర్దుతూనే ఉన్నాడు. అంతకు ముందే నోరు ఎండిపోయే ఇంజెక్షన్ చేశారు. ఉమ్మి ఉంటే మందు గొంతుకి సరిగా పట్టదట. మందు లిగ్నోకైన్, పళ్ళ డాక్టర్లు వాడేదే. ముక్కులో చుక్కలు, జెల్లీ, తర్వాత మాస్కులోంచి పొగలాగా, ఆ తర్వాత స్ప్రే. దాని లెక్క నా 126 కిలోల మీద కట్టకూడదట. కొవ్వు తీసేస్తే మిగిలే బరువు నాకు దగ్గరదగ్గర 54 కిలోలు, దాని మీద కిలోకి 9 మిల్లీగ్రాములు దాటకూడదు. బ్లౌజు కొలతలో లోపలి మడతకి వదిలే గుడ్డని తీసేసి చూసినట్టన్నమాట. స్ప్రే ఒక్కో నొక్కుకి 10 మిల్లీగ్రాములు. ఎన్ని నొక్కులయ్యాయో ఆ అబ్బాయి పైకే లెక్కపెడుతూ రాసుకున్నాడు. పెదాలు జివ్వుమంటున్నాయా, చెవుల్లో మోత వస్తోందా అని డాక్టరమ్మ అడుగుతూనే ఉన్నారు. మందు ఎక్కువైతే అలా అవుతుందట.

నన్ను కాపాడింది ఆ అబ్బాయి మాటలే. ఏది జరగబోతోందో ఒక క్షణం ముందే చెప్పేవాడు. "ఇప్పుడు చేదొస్తాది." వచ్చింది. "ఇప్పుడు గొంతులో బెల్లం ముద్ద ఇరుక్కున్నట్టుంటాది." సరిగ్గా అలాగే అయింది. మింగబోతే మింగుడు పడలేదు. ఊపిరి ఆగిపోయిందనుకుని చేతులు కొట్టుకున్నాను. అతను నా చెయ్యి తీసి నా పొట్ట మీదే పెట్టాడు. "మింగలేకపోడం వేరు, ఊపిరాడకపోడం వేరప్పా. చూడు, పొట్ట లేస్తంది." లేస్తోంది. ఇన్నేళ్ళూ తిట్టుకున్న పొట్టని చూసి మొదటిసారి ధైర్యం తెచ్చుకున్నాను.

ఇవన్నీ నీకెలా తెలుసు బాబూ అని తర్వాత అడిగాను. పని నేర్చుకునే రోజుల్లో తన గొంతులోనే స్ప్రే కొట్టించుకున్నాడట. "తెలీకుండా పేషెంటుకి ఏటి సెప్తాం అప్పా" అన్నాడు. నేను దీనికి ఏం రాయాలో తెలియడం లేదు.

గొట్టం లోపలికి దిగేటప్పుడు ఇంకాస్త మందు చల్లారు, గట్టిగా దగ్గొచ్చింది. నొప్పి మాత్రం లేదు. ట్యూబ్ దిగగానే గొంతులోంచి మాట పోయింది. నేను అతని వేళ్ళు నొక్కాను, అతను తిరిగి నొక్కాడు. తర్వాత నిద్ర.

మా ఆయన, అత్తయ్య, చెల్లి ఉన్నారు, వాళ్ళ సంగతి వేరే చెప్పాలా. డాక్టరమ్మ ఒక కాగితం రాసిచ్చారు, ముందు ముందు ఎక్కడ మత్తు ఇవ్వాల్సి వచ్చినా ముందు అది చూపించమని. పర్సులో పైడితల్లమ్మ ఫొటో పక్కన పెట్టుకున్నాను. మొదటి ఆసుపత్రిలో ఒక పెద్ద పట్టీ, పెద్ద తూకం ఉంటే ఏం పోయింది? జిల్లాలో లావుపాటి మనిషిని నేనొక్కదాన్నేనా?

అయ్యో, మర్చిపోయాను. కోట దగ్గర నుంచి తీసుకెళ్ళిన ఆటో అన్నయ్య, డబ్బులు తీసుకోలేదు. నాకు జడ వేసిన వార్డు ఆయమ్మ. షాపు తాళం చూసుకున్న పక్క కిరాణా వదిన. నిద్రలో నా ఆక్సిజన్ చూస్తూ కూర్చున్న రాత్రి డ్యూటీ నర్సమ్మ, మీ మొహం కూడా సరిగా చూడలేదమ్మా.

ఇంకొకటి. ఆసుపత్రి గౌను నాకు వెనక కట్టు అందలేదు. నర్సమ్మలు రెండు గౌన్లు తెచ్చి, ఒకటి ముందు నుంచి, ఒకటి వెనక నుంచి తొడిగారు. కుట్లు మానాక పెద్దవి నాలుగు కుట్టి పంపిస్తాను, కొలతలు నావే. శ్రావణానికి బ్లౌజులు ఇచ్చిన వాళ్ళు మాత్రం ఇంకో నెల ఆగాలి.