చిన్నోడికి నాయన రాసేది

చిన్నోడా,

దుప్పటి కప్పుకునే పడుకుంటున్నావా? హాస్టల్ నీళ్ళు కాచుకుని తాగమని మీ అమ్మ మరీమరీ రాయమంటోంది. నువ్వు ఫోన్ చేసి ఇరవై రోజులైంది. రీఛార్జ్ అయిపోయిందేమోనని పక్కింటి పిల్లాడితో వేయించాను, అయినా ఎత్తడం లేదు. చెంగయ్య మామ ఏదో చెప్పాడు. నేను నమ్మలేదులే.

ఇక్కడ వానల సంగతి చెప్తా. స్వాతి కార్తెలో మీ తాత ఎలుకలు పట్టడానికి పొలం గట్లన్నీ తిరిగి వచ్చి, ఎలుకలు ఎత్తుకు ఎక్కినాయి, ముసురు దగ్గర్లో ఉంది అనేవాడు. నా చిన్నప్పుడు ఆ మాట దాదాపు తప్పేది కాదు. 2018లో అలాగే ఎక్కి కూర్చున్నాయి, వాన మాత్రం మొహం చాటేసింది. 2021 నవంబర్‌లో పెన్న అంత పొంగింది, ఎలుకలకూ తెలియలేదు, నాకూ తెలియలేదు.

ఐటీఐకి రోజూ పోతున్నావు కదా?

మిచౌంగ్ తుఫాను గుర్తుందా, 2023 డిసెంబర్? నీళ్ళు తీసిన నాలుగో రోజు ఒక రైతు పిలిచాడు. బతికిన ఎలుకలన్నీ కాలువ గట్టుకు చేరి నారు కొరికేస్తున్నాయట. నేనూ మామా బొక్కలోకి పొగ ఊదే కుండ, పార తీసుకుని పోయాం. ఎలుక లోపలుంటే బొక్క మూతికి కొత్త మట్టి నెట్టి ఉంటుంది, తెరిచి నున్నగా ఉంటే చెయ్యి పెట్టకూడదు. ఇది నీకు ఐదేళ్ళప్పుడే చెప్పాను. ఆ రోజు వాన ఆ మట్టినంతా కడిగేసింది. ఏ బొక్క చూసినా ఒకేలా ఉంది. గడ్డి తడిసి అంటుకోలేదు, అంటుకున్న కాస్తా పొగ మా మొహానికే తన్నింది. విసుగొచ్చి పొగ లేకుండానే తవ్వి మోచేతి దాకా చెయ్యి పెట్టాను. చల్లగా తగిలింది. ఎలుక వెచ్చగా ఉంటుంది నాయనా. చెయ్యి లాక్కునేసరికి పడగ బయటికొచ్చింది. మామ పార అడ్డం పెట్టాడు కాబట్టి అది కాలువలోకి జారిపోయింది. వరదకు పాములూ ఎత్తుకే చేరాయి, ఆ ఒక్క గట్టు మీదే నాలుగు చూశాం. ఈ సంగతి మీ అమ్మకు ఇప్పటికీ తెలియదు. నువ్వూ చెప్పొద్దు.

చదువు మానేసి నాతో ఎలుకలకు వస్తానని అన్నావంట. నిజమేనా? ఈ పని తక్కువదని నేను అనను. మీ తాత తవ్విన బొక్కల్లో దొరికిన వడ్లు దంచుకుని తిని పెరిగినోళ్ళం మేం. కానీ ఆయన నేర్పింది ఈ వానలకు సరిపోవడం లేదు. ఇప్పుడు నేను కార్తె చూసి కాదు, ఫోన్‌లో వాతావరణం వాళ్ళ హెచ్చరిక చూసి పోతున్నాను. వాన ఆగాక మూడు రోజులు ఆగుతాను. ఎండుగడ్డి అటక మీద దాస్తున్నాను. చెయ్యి పెట్టే పని తగ్గించి ఎలుకలు పడే బుట్టలు పెడుతున్నాను. నలభై ఏళ్ళు చేసిన పనిని మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుంటున్నాను. నీకు ఏం నేర్పాలో నాకు తెలియడం లేదు.

సర్లే, పాఠం చెప్పేశాను మళ్ళీ. దగ్గు తగ్గిందా? హాస్టల్‌లో గుడ్లు పెట్టిన రోజు తినకుండా వదిలేయకు.

ఈ ఉత్తరం పెద్దక్క చేతికిచ్చి పంపుతున్నాను. ఆదివారం పొద్దున బస్సుకు వస్తా. హాస్టల్‌లో లేకపోతే ఎక్కడుంటే అక్కడికే వస్తా, అడ్రసు అక్కకు చెప్పు. తిట్టను. చెప్పుల సైజు తొమ్మిదేనా, మారిందా అదీ చెప్పు.

నాయన