నాడి సమంగా ఉందని మాత్ర ఆపొద్దు నాయనా

డబ్లిన్,
మే 11

నాయనా, అమ్మా,

నేను బాగున్నాను. నర్సు డ్యూటీ మామూలే, రాసేంత ఏమీ లేదు. నాయనకు గుండె లయ తప్పి (ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు) పోయిన నెల 29న కరెంటు షాక్ పెట్టి సరిచేసినారు కదా, దాని గురించి నిన్న ఫోన్లో అమ్మ అడిగిన మాటే రాత్రంతా మనసులో తిరుగుతా ఉంది. "నాడి సమంగానే కొట్టుకుంటా ఉంది కదా, రక్తం పలచబడే మాత్ర ఇంకా ఏమిటికి? పళ్ళు తోముకుంటే చిగుళ్ళలో రక్తం కనబడతా ఉంది" అనింది. నేను ఏదో చెప్పేలోపల సిగ్నల్ పోయింది. అందుకే కూర్చుని రాస్తా ఉన్నాను. తమ్ముడు దీన్ని జిరాక్స్ అంగట్లో పెద్ద అక్షరాలతో తీయించి ఇస్తాడు. బీరువా తలుపుకు అంటించుకోండి.

చిగుళ్ళ రక్తానికి మాత్ర ఆపొద్దు నాయనా. మెత్తటి బ్రష్ తెచ్చుకో, గట్టిగా రుద్దొద్దు. పది పదిహేను నిమిషాలు ఒత్తిపట్టినా ఆగని రక్తం, తారు మాదిరి నల్లటి విరేచనం, మూత్రంలో ఎరుపు, తలకు గట్టి దెబ్బ, వీటిలో ఏది అయినా గమ్మున ఆసుపత్రికి పోవాల్సిందే. మిగతా చిన్నచిన్నవాటికి డాక్టరును అడగాలి గానీ మనంతట మనం ఆపేది కాదు.

ఎందుకంటే, నీ గుండె పై గదులు ముడుచుకోవడం మానేసి నిమిషానికి 350 నుంచి 600 దాకా ఉత్తగా అదురుతా ఉండినాయి. అవన్నీ కింది గదులకు పోకుండా నడుమ ఏవీ నోడ్ అని ఒక గేటు ఉంది. కొండమీద క్యూ కాంప్లెక్సులో వెనకనుంచి ఎంత తోసినా గేటు కాడ వదిలేది కొందరినే కదా, అట్లా. అందుకే ఆ దినం నీ నాడి 140, అదీ ఒక పద్ధతి లేకుండా. షాక్ చేసింది ఏమంటే, ఆ అదురుడంతా ఒక్క క్షణం నిలిపేసి, అసలు లయ పుట్టించే సైనస్ నోడ్‌కు పగ్గం తిరిగి ఇచ్చింది. అంతవరకే. అదురుడు ఏ కారణంతో మొదలైందో ఆ కారణాన్ని షాక్ తీసెయ్యలేదు.

ఈసీజీలో సమంగా కనిపించినా పై గదులు ఇంకా మొద్దుబారే ఉంటాయి. సరిగ్గా ముడుచుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఎడమ పై గదికి చెవి ఆకారంలో చిన్న సంచి ఉంది. రక్తం నిలవబడి గడ్డ కట్టేది జాస్తిగా అక్కడే. ఆ గడ్డ కదిలి మెదడుకు పోతే పక్షవాతం. కాబట్టి 29న షాక్ అయింది గనక ఈ నెల 27 దాకా, అంటే నాలుగు వారాలు, ఒక్క పూట కూడా తప్పకూడదు.

27 తర్వాత కూడా ఆపేది ఉండదు, అది ఇప్పుడే చెప్తున్నాను. పక్షవాతం ముప్పుకు డాక్టర్లు పాయింట్లు లెక్కవేస్తారు: నీ 67 ఏళ్ళకు ఒక పాయింటు, బీపీకి ఒకటి, షుగరుకు ఒకటి, మొత్తం మూడు. మగవాళ్ళకు రెండు ఉన్నా చాలు, ఈ మాత్ర కొనసాగించమంటారు. నాడి సమంగా ఉన్నంత మాత్రాన వయసూ బీపీ షుగరూ పోవు కదా. అమెరికా, కెనడాల్లో 4060 మందిని ఏళ్ళ తరబడి గమనించి 2002లో ఒక అధ్యయనం బయటపెట్టినారు. లయను నిలబెట్టడానికి మందులు వాడినవాళ్ళకూ, లయ జోలికి పోకుండా వేగం మాత్రం తగ్గించుకున్నవాళ్ళకూ ప్రాణం విషయంలో తేడా కనబడలేదు. పక్షవాతం వచ్చినవాళ్ళలో జాస్తిమంది రక్తం పలచబడే మందు ఆపేసినవాళ్ళూ, అది చాలినంత పని చేయనివాళ్ళూను. అమ్మా, అందుకే నేను లయ కంటే ఆ మాత్రను గురించే నస పెడతా ఉన్నాను.

రక్తం పలచబడే ఆ మాత్ర, అపిక్సాబాన్ 5 మిల్లీగ్రాములు, పొద్దున 8కి ఒకటి, రాత్రి 8కి ఒకటి. మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకో, ఆ పైది మామూలు టైముకు. రెండూ కలిపి వేసుకోవద్దు. తప్పిన పూట నోటుబుక్కులో రాసిపెట్టు, దాచొద్దు. రేపు మళ్ళీ షాక్ పెట్టాల్సి వస్తే డాక్టరు మొదట అడిగేది "ఈ మూడు వారాల్లో ఒక్క మాత్రైనా తప్పిందా?" అనే. తప్పింటే గొంతులోకి గొట్టం దింపి గడ్డ ఉందేమో చూడాలి, లేకుంటే ఇంకో మూడు వారాలు ఆగాలి. పోయిన తడవ ఆ గొట్టానికి ఎంత బాధపడినావో నాకు తెలుసు. స్ట్రిప్పులో పది మాత్రలు మిగిలినప్పుడే కొత్తది తెప్పించండి.

తోటకూర, మునగాకు మానేసినావంట. చిన్నాయన మానేసినాడని నువ్వు మానేయాల్సిన పని లేదు నాయనా. ఆయనకు గుండె కవాటం సన్నబడింది గనక ఎసిట్రోమ్ అని రక్తం పలచబడే వేరే మాత్ర ఇచ్చినారు, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుంటా ఆ అంకెను 2కూ 3కూ నడుమ ఉంచుకోవాలి. ఆకుకూరలో విటమిన్ కె ఆ మందుకే అడ్డం. ఆయన కూడా పూర్తిగా మానేది కాదు, ఒక వారం జాస్తి ఒక వారం సున్నా కాకుండా ఎప్పుడూ ఒకే లెక్కన తినాలి. నీ మాత్రకు ఆ పథ్యం లేదు. రాగి సంగటీ ఆకుకూరా హాయిగా తిను. చిన్నాయన మాత్ర నీకూ, నీ మాత్ర ఆయనకూ పొరపాటున కూడా మార్చుకోవద్దు.

మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ ముట్టుకోవద్దు. రక్తం పలచబడే మాత్రతో కలిస్తే కడుపులో రక్తం కారుతుంది. పారాసిటమాల్ వేసుకో. ఊరికి పోయినప్పుడు ఆర్‌ఎంపీ కాడ పిరుదుకు సూది వేయించుకునే అలవాటు కూడా మానుకో, కండలో రక్తం గడ్డకట్టి పెద్ద బొడిపి కడుతుంది. జలుబుకు మందులంగట్లో అడిగి అజిత్రోమైసిన్ తెచ్చుకోవద్దు. లయ నిలబెట్టడానికి నువ్వు వాడే అమియోడరోన్‌తో అది కలిస్తే ఇంకో రకం ప్రమాదమైన లయ పుట్టొచ్చు. ఏ డాక్టరు కాడికి పోయినా ముందర ఈ రెండు మందుల పేర్లు చెప్పు. పన్ను పీకించుకోవాలన్నా చెప్పకుండా కుర్చీలో కూర్చోవద్దు.

అమియోడరోన్ చీటీ తమ్ముడు ఫోటో పంపినాడు, చూసినాను. 200 మిల్లీగ్రాములది మొదటి వారం దినానికి మూడు, రెండో వారం రెండు, ఆపైన ఒకటి. అంటే ఎల్లుండి 13 నుంచి ఒకటే. అమ్మా, ఆ దినం నువ్వే తీసి ఇయ్యి. ఆ మాత్రలో అయోడిన్ జాస్తి, అందుకే ఆరు నెలలకొకసారి థైరాయిడ్, లివర్ పరీక్షలు. పొడి దగ్గు మొదలై ఆయాసం వస్తే వెంటనే చెప్పాలి. ఎండ పడితే చర్మం కమిలిపోతుంది, మన తిరుపతి మే నెల ఎండ సంగతి చెప్పాల్నా? నిండు చేతుల చొక్కా, గొడుగు లేకుండా బజారుకు పోవద్దు. ఎండకు నీళ్ళు తగ్గినా, విరేచనాలై పొటాషియం పడిపోయినా మళ్ళీ లయ తప్పే వీలుంది, ఓఆర్ఎస్ ఇంట్లో ఉంచండి.

ఇప్పుడు నాడి. ఇది మాత్రం నిదానంగా చదువు. కుర్చీలో ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చో. ఎడమచెయ్యి వెల్లకిలా పెట్టి, బొటనవేలి కింద మణికట్టు ఎముకకూ నరానికీ నడుమ పల్లంలో కుడిచేతి మూడు వేళ్ళు ఆనించు. బొటనవేలితో చూడొద్దు, దానికి దాని కొట్టుకుడు ఉంది. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేసేది కాదు, లయ తప్పిన నాడికి ఆ లెక్క పనికిరాదు. నిండా ఒక నిమిషం లెక్కపెట్టు. టైము, సంఖ్య, సమంగా ఉందా లేదా, మూడే రాయి. ఒక దెబ్బ తప్పినట్టై, రవ్వ ఆగి, గట్టిగా ఒకటి కొట్టి, మళ్ళీ సమంగా పడితే అది ఊరికే వచ్చే అదనపు దెబ్బ, అందరికీ వస్తుంది. ఏ రెండు దెబ్బల నడుమా ఎడం ఒకటిగా లేకుంటే, అదీ నిమిషమంతా అట్లనే ఉంటే, అప్పుడు అనుమానం. వేలికి తగిలించే ఆక్సీమీటరులో నాడి అంకెను నమ్మొద్దు, బలం లేని దెబ్బలు వేలిదాకా చేరవు, తక్కువ చూపిస్తుంది. బీపీ మిషన్లో లయ తప్పిందని చూపే గుండె గుర్తు మిణుకుమంటే మూడు తడవలు చూడు.

పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. అంతే నాయనా. అర్ధరాత్రి లేచి చెయ్యి పట్టుకుని కూర్చుంటా ఉన్నావని అమ్మ ఏడ్చింది. భయానికే నాడి పరుగెత్తుతుంది, దాన్ని చూసి ఇంకా భయం. మళ్ళీ వస్తుందా అంటే అబద్ధం చెప్పను, షాక్ పెట్టినవాళ్ళలో దగ్గర దగ్గర సగం మందికి ఏడాదిలోపల తిరగబెడుతుంది, అందులోనూ మొదటి నెలలోనే జాస్తి. తిరగబెడితే షాక్ వృథా అని కాదు. లయలో ఉన్నప్పుడు నీకు ఆయాసం తగ్గిందా లేదా అనేది డాక్టరుకు తెలిసింది, దాన్ని బట్టే తర్వాతి దారి. మందు మార్చొచ్చు, మళ్ళీ షాక్ పెట్టొచ్చు, ఊపిరితిత్తుల సిరల మొదట్లో కాల్చి గీత గీసే అబ్లేషన్ ఉంది, వేగం మాత్రం అదుపులో పెట్టుకుని మామూలుగా బతికేవాళ్ళూ ఉన్నారు.

అట్లా అనుమానం వస్తే టైము రాసుకుని, మాత్రలు మామూలుగానే వేసుకుని, ఆ దినమో మరుసటి దినమో పోయి ఈసీజీ తీయించు. ఛాతీ నొప్పి, కూర్చున్నా ఆయాసం, కళ్ళు తిరిగి పడిపోవడం, కూర్చుని ఉండగానే నాడి 120 దాటి దిగకపోవడం, ఇవైతే ఆగొద్దు. 50 కంటే తగ్గి తల తిరిగినా అంతే. మూతి వంకర పోయినా, ఒక చెయ్యి వాలిపోయినా, మాట ముద్దగా వచ్చినా ఆ నిమిషమే 108. నాటుమందు, ఆకుపసరు అని ఎవరు చెప్పినా వినొద్దమ్మా. మొదటి నాలుగున్నర గంటలు చాలా విలువైనవి. ఆఖరి మాత్ర ఎప్పుడు వేసుకున్నాడో డాక్టరుకు చెప్పాలి.

అమ్మా, ఇంకొకటి నీ కోసం. నాయన గురక పెడతా పెడతా ఊపిరి ఆగి, మళ్ళీ ఉలిక్కిపడినట్టు తీసుకుంటాడని నువ్వెన్నో తడవలు చెప్పినావు. నవ్వి ఊరుకున్నాము, తప్పు మాదే. దానికి వైద్యం చేయకపోతే షాక్ తర్వాత లయ తప్పడం జాస్తి. ఒక రాత్రి ఆయన నిద్రపోయేటప్పుడు ఫోన్లో రికార్డు చేసి డాక్టరుకు వినిపించి స్లీప్ స్టడీ, అంటే నిద్ర పరీక్ష, అడుగు. ఆయన అడగడు, నువ్వే అడగాల.

నాయనా, నీ బరువు 84. పదిశాతం, అంటే దగ్గర దగ్గర ఎనిమిదిన్నర కిలోలు తగ్గి నిలబెట్టుకుంటే లయ నిలిచే వీలు చాలా పెరుగుతుందని ఆస్ట్రేలియాలో అడిలైడ్ డాక్టర్లు 2015లో చూపించినారు. రాత్రిపూట అన్నం ఒక గరిటెకు తగ్గించు, చాలు. బ్రాందీ, విస్కీ సీసా ఇంట్లోకి రానియ్యొద్దు, పెళ్ళిళ్ళప్పుడు కూడా. కాఫీ మానేసినావంట, పాపం ఏమిటికి? షాక్ తర్వాత దినానికో కప్పు తాగినవాళ్ళనూ పూర్తిగా మానేసినవాళ్ళనూ పోల్చి చూస్తే, తాగినవాళ్ళకే తక్కువగా తిరగబెట్టింది. పొద్దున నీ ఫిల్టర్ కాఫీ నువ్వు తాగు, చక్కెర లేకుండా.

అలిపిరి మెట్ల మొక్కు ఇప్పుడొద్దు. 3550 మెట్లు. మోకాళ్ళమెట్టు కాడ ఆయాసం వస్తే అది గుండెదో మెట్లదో తెలియదు. 27 దాటి, డాక్టరు సరే అన్నాకే మొక్కు మాట. ఈలోగా స్వామిని చూడాలనిపిస్తే బస్సులో పోండి, 65 దాటినవాళ్ళ దర్శనానికి తమ్ముడు టికెట్ తీస్తాడు. తలనీలాలు ఇయ్యొచ్చు. కొత్త బ్లేడు వేయమని, రక్తం పలచబడే మాత్ర వాడతానని ముందే చెప్పు. గాటు పడితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా ఒత్తిపట్టు.

అత్త "కూతురు నర్సై ఉండీ రాలేదే" అనిందంట. సెలవు జూలైలో గానీ ఇయ్యరు, అడగకుండా ఉన్నానా? వచ్చినాక స్లీప్ స్టడీకి, గుండె స్కానింగు ఎకోకు నేనే తీసకపోతా.

మీకు రాత్రి 8 అంటే నాకు మధ్యాహ్నం మూడున్నర. మాత్ర వేసుకున్నాక ఒక మిస్డ్ కాల్ ఇయ్యి నాయనా. ఎత్తను, చూసుకుంటాను.

మీ
పెద్దమ్మాయి