డోర్నకల్ బిషప్ అజరయ్య గారి గురించి

గ్రూపు సభ్యులందరికీ వందనాలు. విజయవాడ–కాజీపేట రైలు మార్గంలో డోర్నకల్ జంక్షన్ మీదుగా ఎన్నోసార్లు ప్రయాణించిన మనలో చాలామందికి, అక్కడ సేవ చేసిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారి గురించి తెలిసింది తక్కువే.

ఆయన తెలుగువారు కారు. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళై గ్రామంలో ఒక పాదిరి గారి ఇంట పుట్టారు. సువార్త పని విదేశీ మిషనరీలకే పరిమితం కాకూడదని, భారతీయులే తమ డబ్బుతో, తమ మనుషులతో దాన్ని నడపాలని నమ్మి, 1903లో తిరునెల్వేలి మిషనరీ సంఘం, 1905లో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడటంలో ముందు నిలిచారు. ఇతరులను పంపించి ఊరుకోకుండా, 1909లో తానే డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, మాల మాదిగ పల్లెల్లో తిరిగారు. నా దృష్టిలో ఆయన పెద్దరికమంతా ఈ ఒక్క నిర్ణయంలోనే ఉంది.

1910లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, మిషనరీల త్యాగాలను కొనియాడుతూనే, మాకు స్నేహితులను ఇవ్వండని తెల్లదొరల ముఖం మీదే అడిగారు. రెండేళ్లకు, 1912 డిసెంబరు 29న, కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు (ఇంగ్లండ్ చర్చి సంప్రదాయానికి చెందిన సంఘం) తొలి భారతీయ బిషప్‌గా అభిషిక్తులయ్యారు.

డోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ కెథెడ్రల్‌ను (బిషప్ ప్రధాన చర్చిని) దగ్గరగా చూస్తే, గుమ్మటాలు, మినార్లు మసీదును, లోపలి రాతి స్తంభాలు గుడి మండపాన్ని తలపిస్తాయి. 1939లో దాని ప్రతిష్ఠ జరిగింది. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లోనే కన్నుమూశారు. వేర్వేరు ప్రొటెస్టెంట్ సంఘాలను ఒకటి చేయాలని ఆయన ఎంతో పాటుపడిన దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) 1947 సెప్టెంబరులో ఏర్పడింది.