హైస్కూల్ పిల్లలున్న వాళ్లు ఒకసారి చూడండి

అందరికీ నమస్కారం. మొన్న రాత్రి అన్నాలు తింటుంటే మావాడి ఫోన్ మోగింది, చూస్తే అమెరికా సైన్యంలో చేర్చుకోడానికి జనాన్ని వెతికే ఆర్మీ రిక్రూటర్. వాడింకా పదకొండో తరగతి! పేరు పెట్టి పిలిచి, స్కూల్ అయ్యాక ఏం చేద్దామనుకుంటున్నావ్ అని మేనమామలా అడిగాడు. నంబర్ ఎవరిచ్చారని ఆరా తీస్తే, స్కూలే.

వాళ్లని అనీ లాభం లేదండీ. అమెరికాలో ఫెడరల్ నిధులు తీసుకునే హైస్కూళ్లు, రిక్రూటర్లు అడిగితే పిల్లల పేరు, అడ్రస్, ఫోన్ నంబర్ ఇచ్చి తీరాలి, 2002లో నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ అనే విద్యా చట్టంతో వచ్చిన ఈ నిబంధన 2015లో చట్టం మారినా అలాగే ఉంది. వద్దని మనం రాసిస్తే మాత్రం ఇవ్వకూడదు. మాకు ఆ ఫారం ఆగస్టులో బస్సు కాగితాల మధ్యెక్కడో వచ్చింది, నేను చదవకుండా సంతకం గీకేశాను. కొన్నిచోట్ల పిల్లల వివరాలు ఎవరికీ ఇవ్వొద్దని చెప్పడానికి అన్నిటికీ కలిపి ఒకటే గడి, టిక్ పెడితే ఇయర్‌బుక్‌లో (స్కూలు ఏటా వేసే ఫోటోల పుస్తకం) ఫోటో కూడా పోతుంది, అందుకే రిక్రూటర్లకు మాత్రమే వద్దని విడిగా ఉత్తరం ఇవ్వడం మేలు.

ఇంకోటి. కెరీర్ టెస్ట్ అంటూ స్కూల్లో పెట్టే ఆస్వాబ్ నిజానికి సైన్యంలో చేరడానికి రాసే పరీక్షే. మార్కులు రిక్రూటర్లకు వెళ్లకుండా ‘ఆప్షన్ 8’ ఎంచుకునే వీలు స్కూలుకి ఉంది, కౌన్సెలర్‌ని ముందే అడగండి.

సైన్యం చెడ్డదని కాదు, మా బాబాయి ఇండియన్ ఆర్మీలోనే చేశారు. మనల్ని అడక్కుండా నంబర్ ఇవ్వడమే నచ్చలేదు.

నేను రాసిన ఉత్తరం కావాలంటే విడిగా మెసేజ్ పెట్టండి, పంపిస్తాను.